మునియప్పన్ మలుపులో మా వదిన

మా వదిన పోయిందని ఊరి నుంచి ఫోను వచ్చింది. "నిద్దర్లోనే ప్రశాంతంగా పోయినాది" అన్నారు. పోయిందంటే నమ్మాను. ప్రశాంతంగా పోయిందంటే మాత్రం నమ్మలేదు. ఆ మనిషి ప్రశాంతంగా చేసిన పని ఒక్కటి చూపించమనండి చూద్దాం. సంగటి తిన్నా యుద్ధానికి ఆలస్యమైపోతున్నట్లు తినేది. ఎంగిలి చెయ్యి కడుక్కుంటూనే బండి తాళం ఎక్కడుందని అడిగేది.

ఆమె మా అన్న భార్య. మాది మారండహళ్ళి దగ్గర కూరగాయల వ్యాపారం చేసే తెలుగు కుటుంబం. తమిళనాడులోని ఆ ధర్మపురి సీమకు మా వాళ్ళు ఎప్పుడు వచ్చారో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నేను చిత్తూరు వైపు కోడలిగా వెళ్ళాక ఈ అక్షరాలు నేర్చుకున్నాను. వదినకు తెలుగు చదవడం రాదు. అందుకని ఆమె బతికుండగా ఇది రాసినా నాకు తిట్లు తప్పేవి అనుకోకండి. ఎవరిచేతనైనా చదివించుకొని, బస్సెక్కి వచ్చి మరీ తిట్టేది.

పేరు రాయను. బతికినంతకాలం ఊరు ఆమెను ఫలానా వాళ్ళ కోడలనీ, ఫలానా వాడి పెండ్లామనీ, తర్వాత ముండమోసిందనీ అన్నది గానీ ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. అప్పుడు అవసరం లేని పేరు ఇప్పుడు వాళ్ళకు నేనెందుకు అందించాలి?

ఎనభైల మొదట్లో మా ఇంటికి కార్ల రేసుల పిచ్చి పట్టింది. తెచ్చింది మా అన్న. మద్రాసు దగ్గర షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద పందేలు జరిగేవి. స్నేహితులతో పోయి చూసి, చెవులు గింగుర్లెత్తి, కనురెప్పల దాకా దుమ్ము పూసుకొని తిరిగొచ్చేవాడు. బెంగుళూరు టమోటా మార్కెట్టుకు పోయినప్పుడల్లా పాత ఇంగ్లీషు పత్రికలు కొని తెచ్చేవాడు. వదిన సంగటి కెలుకుతూ ఉంటే పొయ్యి ముందు పీట వేసుకొని వాటిలోని కథలన్నీ చెప్పేవాడు. మా అమ్మ పక్కనే కూర్చొని చింతపండు గింజలు తీస్తూ, "కాఫీ నీళ్ళు తాగి బతికే దొరల కథలు మనకెందుకురా" అనేది. అయినా లేచిపోయేది కాదు.

వదిన కథలు పట్టుకుంది, పేర్లు వదిలేసింది. "నోరు తిరగని పేరు నాకెందుకంటా?" అని ఒక్కొక్కరికీ వరసలు కలిపేసింది. కారుతోపాటు తానూ కాలిపోయి, ఇక బతకడని పాదిరి వచ్చి ప్రార్థన కూడా చేసి పోయాక, నెలన్నర తిరక్కముందే తలకు కట్లతో మళ్ళీ కారెక్కినాయన ఉన్నాడు కదా, ఆయన మా ఇంట్లో 'కాలినాయన'. ప్రపంచంలోని మగవాళ్ళందరినీ మట్టి దారుల్లో ఓడించి ర్యాలీ గెలిచిన ఫ్రాన్సు దేశపామె 'ఫ్రాన్సక్క'. చక్రాలు మార్చుకొనేసరికి బాగా వెనకబడిపోయి, అయినా కొండదారిలో ఒక్కొక్క చుట్టుకూ తన వేగాన్ని తానే దాటుకుంటూ ముందున్న ఇద్దరినీ పట్టుకున్న అర్జెంటీనా ఆయన 'తాత'. నాకు జ్వరమొచ్చి గంజి వద్దంటే వదిన గిన్నె పట్టుకొని తలాపిన నిలబడేది.

"కాలినాయన కట్లు ఊడదీయకముందే కారెక్కినాడు. నువ్వు గంజి తాగలేవా?"

ఒకసారి కంబైనల్లూరులో పెళ్ళికి పోయాం. వదిన ఎవరితోనో కాలినాయన గురించి కళ్ళు తుడుచుకుంటూ చెబుతోంది. పక్కనున్న ముసలామె చెవులు రిక్కించి విని, "అయ్యో పాపం, మీ పుట్టింటి వైపాయనా?" అని అడిగింది. వదిన తడుముకోలేదు. "అవును పెద్దమ్మా, కొంచెం దూరం వరస" అంది. ఆ ముసలామె మళ్ళీ కనిపించినప్పుడల్లా కాలినాయన బాగున్నాడా అని అడిగేది. బాగున్నాడనీ, మళ్ళీ గెలిచినాడనీ వదిన చెప్పేది. అది అబద్ధం కాదు కూడా.

బండి నేర్పింది అన్నే. వేరుశనగ పీకేసిన చేలో, జీపులో. నేను చేను గట్టు మీద కూర్చొని కడుపుబ్బ నవ్వాను. తరువాత నవ్వడం మానేశాను. ఆమె కొంగు రెండు చుట్లు తిప్పి బొడ్లో దోపి, చెప్పులు కింద విడిచి, వట్టి కాళ్ళతో ఎక్కేది. "బ్రేకు ఏం చెప్తాదో కాలికి వినపడాల" అనేది. విడిచిన చెప్పులు అక్కడే ఉండిపోయేవి. బండి వెళ్ళిపోయేది. మారండహళ్ళి బజారులో ఏ అంగడి ముందైనా ఆడచెప్పుల జత దిక్కులేకుండా కనిపిస్తే అంగడివాళ్ళే తీసి మా ఇంటికి పంపేవారు.

"మలుపుకు ముందే తగ్గించాల. మలుపులో తగ్గిస్తే సచ్చినామే." ఈ మాట బండికే కాదు, అన్నిటికీ చెప్పేది. నాకు పెళ్ళిచూపులు జరిగినప్పుడు పెళ్ళికొడుకు వాళ్ళ ముందే చెప్పింది. "అడగాల్సింది ఇప్పుడే అడుగు పాపా. తాళి కట్టినాక బ్రేకు తొక్కితే పనికిరాదు." ఆ సంబంధం తప్పిపోయింది. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. నాకు మాత్రం లోలోపల పాయసం తాగినట్లుండింది.

మా అన్న పోయింది ఎనభైల నడుమ. మద్రాసులో బయలుదేరిన ఒక ర్యాలీ ఆ ఏడు మా జిల్లా గుండా వచ్చింది. షోళవరంలో లాగా అందరూ ఒకేసారి పరిగెత్తే పందెం కాదది. మూసేసిన దారిలో ఒక్కొక్క బండినే వదులుతారు. ఎవరు తక్కువ సేపట్లో దాటితే వాళ్ళు ముందు. హొగేనకల్లు నుంచి పెన్నాగరం వైపు కొండెక్కే ఘాటు రోడ్డును అలా మూసి బండ్లు వదిలారు. అన్న మా జీపుతోనే పోటీకి దిగాడు. టమోటా బుట్టల వాసన కూడా పోలేదు దానికి.

ఆ ఘాటు సగం ఎక్కాక ఎడమకు తిరిగే మలుపులో మునియప్పన్ ఉన్నాడు. గుడి అంటే గోపురమేమీ లేదు. కోరమీసాలతో, చేతిలో కత్తితో, గుడ్లురుముతూ ఎండలో కూర్చున్న సామి. ఘాటెక్కే ప్రతి బండీ అక్కడ నిలవాలి. కర్పూరం వెలిగించి, చక్రం కింద నిమ్మకాయ నలిపి పోవాలి. మొక్కు ఉన్న లారీవాళ్ళు కోడిని కోసి, అక్కడే వండుకొని, తిని కదులుతారు. అలా నిలిచిన బండిని మా వైపు ఎవరూ బండిగా లెక్కపెట్టరు. అది సామి దగ్గర ఉన్నట్లు. దాన్ని కదలమనే నోరు ఎవరికీ లేదు.

ఆ రోజు పోలీసులు ఘాటుకు రెండు కొసలా బండ్లను ఆపేశారు. దారిలో ఉన్నవాటిని పంపించేశారు. మలుపులో కోడి వండుకుంటున్న కట్టెల లారీని మాత్రం ఎవరూ కదిలించలేదు. మా అన్న మలుపు తిరిగేసరికి ఎదురుగా లారీ వెనకభాగం. పక్కకు తిప్పాడు. పక్కన లోయ. పక్క సీటులో కూర్చున్న స్నేహితుడు కాలు విరిగి బతికాడు. ఏం జరిగిందో ఆయనే చెప్పాడు. ఊరికి ఆ మాట చెవికెక్కలేదు.

"నిలపకుండా పోయినాడు. సామి ఊరికే వదిలిపెడతాడా?"

పీనుగ దగ్గరే అన్నారు ఈ మాట. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మా అమ్మ చెవిలో అన్నారు. లారీ ఎప్పుడూ ఉంటుంది, వీడికే ఎందుకు అడ్డమొచ్చిందని అడిగారు. మా అమ్మ నమ్మింది. నమ్మడమే కాదు, నెలనెలా అమావాస్యకు బస్సెక్కి ఆ మలుపుకు పోయి, "నా బిడ్డ తప్పు చేసినాడు సామీ, మన్నించు" అని కర్పూరం వెలిగించి వచ్చేది. కొడుకు పోయిన దుఃఖం ఒకటి, కొడుకు పాపం చేసి పోయాడన్న సిగ్గు ఒకటి. ఆ రెండోది ఆమెను నిలువునా తినేసింది. వీధిలో తలెత్తి నడవడం మానేసింది.

వదినకు ఒంటికి కారం పూసినట్లుండేది ఆ మాట వింటే.

"అత్తా, తప్పు ఆయనది కాదు. లారీ అడ్డముండింది."

"లారీ సామి దగ్గర ఉండింది. వీడు పోయి దానికి అడ్డం పడినాడు."

"దారిలో ఉండింది అత్తా!"

"సుమ్మనె నోరు మూసుకొని ఉండవే. మళ్ళీ సామిని అనొద్దు. ఉన్నవాళ్ళమన్నా బతకనీ."

ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర, ఒకే మనిషి కోసం, చెరొక వైపు తిరిగి ఏడవని ఏడుపు ఏడ్చేవాళ్ళు. నడుమ నేను. ఎవరి పక్కన కూర్చోవాలో తెలిసేది కాదు.

లోయలోంచి తీసిన జీపును మా పెదనాయన, అంటే మా నాయన అన్న, ఇంటి పెద్ద, ఇనుము కింద వేసేయమన్నాడు. వదిన దాన్ని ధర్మపురి మెకానిక్కు దగ్గరకు తోలించింది. అది తిరిగొచ్చిన రోజు తెల్లారే టమోటా బుట్టలు ఎక్కించి తాళం తీసుకుంది. మా వీధిలో ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే సరుకు బండ్లు కదిలేటప్పుడు మొగుడు పోయిన ఆడవాళ్ళు తలుపు తీయకూడదు. ఎదురైతే డ్రైవర్లు దిగి, నీళ్ళు తాగి, కొంతసేపు కూర్చొని గానీ కదలరు. వదిన తలుపు తీయడం కాదు, ఏకంగా బండే తీసింది. వీధి వీధంతా నోరు నొక్కుకుంది. పెదనాయన పంచె ఎగ్గట్టుకొని బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"ముండమోసిన మనిషి ఎదురొస్తేనే బండి తీయరు. నువ్వు బండే ఎక్కితివే! ఎంత పొగరు నీకు?"

"నేను లోపల కూర్చోనుంటే ఎవురికి ఎదురొస్తాను పెద్దమామా? నాకు ఎదురొచ్చేవాళ్ళే జాగర్తగా ఉండాల."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. తప్పుకోకపోతే ఏమయ్యేదో ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆ రోజు నుంచి మా టమోటాలు హోసూరుకు అందరికంటే ముందు చేరేవి. తర్వాత తర్వాత ఆ డ్రైవర్లే, "మీ వదిన పోయినాదా? ఆమె వెనకాల పోతే దారి దొరుకుతాది" అనడం మొదలుపెట్టారు. శకునం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మరుసటి ఏడు ర్యాలీ మళ్ళీ ఆ ఘాటుకే వస్తోందని తెలిసింది. వదిన పోటీకి పేరిచ్చింది. పక్క సీటులో కూర్చొని దారి చదివి చెప్పే మనిషి కావాలి. ఎవరిని కూర్చోబెడతారని ర్యాలీ నడిపే క్లబ్బువాళ్ళు అడిగితే, "నా ఆడబిడ్డ ఉంది కదా" అంది. నన్ను అడగనైనా అడగలేదు. అడిగుంటే కోపమొచ్చేది నాకు.

ఇంట్లో పంచాయితీ పెట్టారు. పెదనాయన ఈసారి గొంతు పెంచలేదు. పెద్దరికంగా, మెత్తగా మాట్లాడాడు. అదే ఎక్కువ మండింది నాకు.

"పోవద్దంటే వినేదానివి కాదు. సరే, పో. ఆ మలుపులో మాత్రం నిలుపు. మేమంతా ఆడనే ఉంటాం. దిగి, కర్పూరం ఎత్తి, 'నా మొగుడు చేసిన తప్పు మన్నించు సామీ' అని ఒక్క మాట అడిగి, ఆపైన ఎంత బిరీన పోతావో పో. గెలిచినా ఓడినా మాకు అక్కర్లేదు."

"సామి మీద నాకు కోపం లేదు పెద్దమామా" అంది వదిన. "పోటీ అయినాక కొండ కింద నుంచి పొర్లుదండాలు పెట్టమన్నా పెడతాను. ఆ పొద్దు మాత్రం నిలిపేది లేదు. నిలిపితే ఆయన తప్పు చేసి సచ్చిపోయినాడని నా నోటితో నేనే చెప్పినట్ల. ఆ మలుపులో ఆయన పోయినట్లే పోతాను. దారి కాళీగా ఉంటే ఏమీ కాదని మీరంతా నిలబడి చూడండి."

మా అమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. "ఒక నిమిషం నిలిపితే నీ సొమ్మేం పోతాదే?" అంది.

"నీ కొడుకు పేరు పోతాదత్తా."

అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

వదిన మొండిదే గానీ వెర్రిది కాదు. మలుపులో మళ్ళీ లారీ ఉంటే మా ఇద్దరి పీనుగులనూ ఆ లోయలోంచే ఏరుకోవాలి. అందుకని నన్ను వెంటబెట్టుకొని క్లబ్బువాళ్ళ దగ్గరకు పోయింది. అక్కడ ఒక మనిషిని నిలబెడతామని మాట ఇచ్చారు. పోయిన ఏడూ ఇలాంటి మాటలు ఇచ్చినవాళ్ళే కదా అని ఆమె నమ్మలేదు. ఘాటు బందోబస్తు చూసే పోలీసాయన దగ్గరకు పోయి అడిగింది. ఆయన మంచివాడే. కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు. దారిలో బండి ఉంటే తీయిస్తానమ్మా, సామి దగ్గరున్న బండిని లేపమంటే ఎట్ల, పిల్లలు గలవాణ్ణి అన్నాడు.

వదిన మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. "మా ఇంట్లో కూడా ఒక పిల్లోడు ఉండినాడయ్యా. మా అత్త పిల్లోడు" అంది. ఆయన తల దించుకున్నాడు. తీయిస్తానని మాత్రం చెప్పలేదు.

పోటీ రోజు హొగేనకల్లు దగ్గర మా వంతు కోసం వరసలో నిలిచాం. చెప్పులు ఎప్పటిలాగే రోడ్డు పక్కన వదిలేసింది. తలకు హెల్మెట్, బొడ్లో కొంగు, వట్టి కాళ్ళు. మా ముందూ వెనకా ప్యాంట్లు వేసుకున్న పట్నం మగవాళ్ళు. ఒకాయన మమ్మల్ని చూసి వేడుక చూడటానికి వచ్చినవాళ్ళమనుకొని, బండి దూరంగా పెట్టుకోమన్నాడు. వదిన ఆయన్ను పట్టించుకోకుండా నా వైపు తిరిగింది.

"పాపా, నువ్వు దిగిపో. నేను ఒక్కదాన్నే పోతాను."

"ఒక్కదాన్నే వదలరు. పక్కన మనిషి ఉండాల."

"వదలకపోతే అప్పుడు చూసుకుంటాను. దిగు."

"దిగితే మా అన్న తప్పు చేసినాడని నేనూ ఒప్పుకున్నట్లే కదా?"

వదిన నన్ను ఎగాదిగా చూసింది. "నోరు బాగా పెరిగినాది నీకు" అంది. తర్వాత నా హెల్మెట్ పట్టీ విప్పి, మళ్ళీ గట్టిగా బిగించింది. చిన్నప్పుడు నాకు జడ వేసేటప్పుడు లాగినట్లే లాగింది.

జెండా ఊపారు. జీపు ముందుకు దూకింది. దారిని నేను ముందే రాసుకొచ్చాను గానీ రాసిందేదీ కళ్ళకు కనిపించలేదు. నోటికొచ్చినట్లు కుడి, ఎడమ, రాళ్ళు, వంతెన అని అరుస్తూ పోయాను. వదినకు నా అరుపులు అక్కర్లేదని తెలుసు, ప్రతి గుంతా ఆమెకు కంఠస్థం. అయినా నేను తప్పు చెప్పినప్పుడల్లా, "సరిగా చెప్పవే!" అని గద్దించింది. మలుపు మలుపుకూ ముందే తగ్గించడం, తిరగ్గానే పేగులు వీపుకంటేలా తొక్కడం. రెండు చేతులా ముందున్న కడ్డీ పట్టుకొని వేలాడుతున్నాను. భయం ఒక్కటే అంటే అబద్ధం. నాకు చెప్పలేనంత సంతోషంగా కూడా ఉండింది. ఆ నిమిషం ఫ్రాన్సక్క ఎదురొచ్చినా పక్కకు జరుగమని అరిచేదాన్ని.

కింది వంపు దాటగానే పైన మునియప్పన్ మలుపు దగ్గర పొగ లేస్తూ కనిపించింది.

కర్పూరం పొగ కాదు. కట్టెల పొగ. ఎవరో వండుతున్నారు.

"వదినా, లారీ ఉండాది! లారీ ఉండాది!" అని అరిచాను.

ఆమె కాలు బ్రేకు మీదికి పోవడం చూశాను. నిలిపేస్తుందనుకున్నాను. నిలిపితే పెదనాయన గెలిచినట్లే, నిలపకపోతే మేమిద్దరం లోయలోకి. మలుపుకు ముందు తగ్గించే చోటు వచ్చింది. ఎప్పుడూ తగ్గించినంతే తగ్గించింది. ఒక్క చిటికె కూడా ఎక్కువ తగ్గించలేదు. తిప్పింది.

ఎదురుగా కట్టెల లారీ. కానీ అది నిలిచి లేదు. కదులుతోంది. దారి దిగి, సామి వెనకున్న ఖాళీ జాగాలోకి, తలుపు తెరుచుకొని ఊగుతుండగానే పోతోంది. దాని వెనకాల, జుట్టు విరబోసుకొని, చేతిలో పొయ్యిలోని మండే కట్టె పట్టుకొని లారీ చెక్కల మీద బాదుతూ మా అమ్మ. కర్పూరం పళ్ళెం రోడ్డు మీద బోర్లాపడి ఉంది. మా బండి చప్పుడుకు అమ్మ ఇటు తిరిగింది. రోడ్డు అంచున నిలబడి, రెండో చెయ్యి పైకెత్తి గాల్లో విసురుతూ అరిచింది.

"పో! నిలపొద్దు! పో!"

వదిన పోయింది. మా అన్న పోవాల్సినట్లే పోయింది.

గెలిచారా అని ఇప్పటికీ అడుగుతారు జనం. గెలవలేదు. మాకంటే మంచి బండ్లు చాలా ఉన్నాయి. చివరిదాకా పోయాం, బతికి దిగాం. దిగాక వదిన ఫలితాల బోర్డు దగ్గరకు కూడా పోలేదు. దారి తెరవగానే జీపు వెనక్కి తిప్పింది. నేరుగా మునియప్పన్ మలుపుకు వచ్చి నిలిపింది.

అక్కడ ఏం జరిగిందో పూజారి చేతులు తిప్పుతూ చెప్పాడు. మా వాళ్ళు పొద్దున్నే వచ్చి మమ్మల్ని నిలపడానికి కర్పూరంతో సిద్ధంగా ఉన్నారట. లారీవాళ్ళు అంతకుముందే వచ్చి కోడిని కోసుకున్నారట. క్లబ్బు మనిషి ఒకసారి వచ్చి, లారీని చూసి, సామికి దండం పెట్టి, దూరంగా పోయి నిలబడ్డాడట. మా ముందు బండ్లు నిలిచినంత పని చేసి, లారీ పక్కనుంచి దూరి పోయాయట. ఎవరికీ అందులో తప్పేమీ కనిపించలేదు. కింద నుంచి జీపు చప్పుడు మొదలైంది. ఒక్కొక్క వంపూ ఎక్కుతూ దగ్గరవుతోంది. అమ్మ పళ్ళెం పట్టుకొని ఆ చప్పుడు వింటూ, లారీని చూస్తూ ఉండిందట. ఉన్నట్టుండి పళ్ళెం విసిరేసి డ్రైవరు మీద పడిందట. తియ్యరా బండి అని. పూజలో ఉన్నామమ్మా అని వాడంటే, సామి ఎక్కడికీ పోడు, నా కోడలొస్తోంది, నా బిడ్డ వస్తోంది, తియ్యరా అని పొయ్యిలోంచి కట్టె లాగిందట. అరవంలో మా అమ్మకు ఇన్ని తిట్లు వచ్చని మాకెవరికీ తెలియదు.

పెదనాయన ముఖం కందగడ్డలా ఉంది. మేము దిగేసరికి అమ్మ మీద కేకలేస్తున్నాడు. "సామి దగ్గర నిలిచిన బండిని లేపితివి. పొయ్యిలో కట్టె లాగితివి. ఇంటికి ఎంత పాపం తెచ్చిపెడితివో తెలుసునా నీకు?"

మా అమ్మ రోడ్డు మీద, లారీ నిలిచి ఉండిన చోటే కూర్చొని ఉంది. చేతులు కాలి బొబ్బలెక్కాయి. ఆయన్ను తలెత్తి చూసింది. అన్న పోయినాక ఆయన ముందు ఆమె తలెత్తడం నేను చూడలేదు.

"ఈడ నిలిచుండినాది బావా" అంది, పక్కనున్న నేల మీద అరచేత్తో తట్టి చూపిస్తూ. "సరిగ్గా ఈడ. నా బిడ్డ వచ్చిన పొద్దు కూడా ఈడనే నిలిచుండినాది. ఎవురూ లేపలేదు. ఇంతమంది ఉండి, ఒక్కరూ లేపలేదు."

అమ్మ వదిన వైపు తిరిగింది. కాలిన చేతులు ముందుకు చాపింది.

"వాడు తప్పు చేయలేదే" అంది. "నా బిడ్డ ఏ తప్పూ చేయలేదే."

మా వదిన, ఎవరి ముందూ తల వంచని మా వదిన, వట్టి కాళ్ళతో ఆ ఎండలో నాలుగడుగులు నడిచి, మా అమ్మ ఒళ్ళో తల పెట్టి పెద్దపెట్టున ఏడ్చింది. అన్న పోయినాక ఆమె ఏడవడం అదే మొదలు.